లారెన్స్ ఆట లారెన్స్‌లోనే ఉండనివ్వండి

కాన్సస్ సిటీ ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ జట్టు చీఫ్స్ మిజూరీ రాష్ట్రం వదిలి కాన్సస్ రాష్ట్రం వైపుకి వచ్చేస్తోందని 2025 డిసెంబర్‌లో వార్త వచ్చినప్పటి నుంచి మా ఓవర్‌ల్యాండ్ పార్క్ తెలుగువాళ్ళ పాట్‌లక్‌లలో వేరే టాపిక్ లేదు. 2031 సీజన్‌కల్లా వయన్‌డాట్ కౌంటీలో పైకప్పున్న కొత్త స్టేడియం వస్తుందట. ఇళ్ళ ధరలు ఎటు పోతాయి, ట్రాఫిక్ ఏమవుతుంది, మన పన్నుల డబ్బు అందులో ఎంత పోస్తున్నారు అని అందరూ తలోమాటా అన్నారు. ఆఖర్న, గులాబ్ జామూన్ గిన్నె దగ్గర, మావారి స్నేహితుడొకాయన (నేను అన్నయ్యగారూ అని పిలుస్తాను) తేల్చేశారు: "ఇంకేముందమ్మా, కేయూ పెద్ద మ్యాచ్‌లన్నీ అక్కడే పెట్టేయొచ్చు. చలి ఉండదు, వాన ఉండదు. లారెన్స్ దాకా పరిగెత్తే పనే ఉండదు."

కేయూ అంటే లారెన్స్ ఊళ్ళో ఉన్న కాన్సస్ యూనివర్సిటీ, మ్యాచ్‌లంటే దాని అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. నేను వద్దన్నాను. ఎందుకు వద్దో చెప్పబోతే, "మీ అమ్మాయి అక్కడ చదువుతోంది కదా, నీకు ఆ ఊరంటే ప్రేమ" అని నవ్వేశారు. నలుగురు ఒకేసారి మాట్లాడే చోట వాదన నిలబెట్టడం నాకు చేతకాదు. ఇక్కడైతే తీరిగ్గా చెప్పుకోవచ్చు.

సౌకర్యమే కొలతైతే అన్నయ్యగారి మాట వల్ల లాభపడేవాళ్ళలో నేనూ ఉన్నాను. మా ఇంటి నుంచి చీఫ్స్ ఇప్పుడు ఆడే ఏరోహెడ్ స్టేడియం అరగంట లోపు. లారెన్స్‌కి ఇంకాస్త ఎక్కువ, ఆట రోజయితే కె-10 రోడ్డు మీద పట్టే సమయం దేవుడికే తెలియాలి. కొత్త స్టేడియం కూడా లారెన్స్ కంటే మాకు దగ్గరే. అయినా కాలేజీ ఫుట్‌బాల్ హోమ్ గేమ్‌ని పెద్ద ఊరి స్టేడియానికి తరలించడం దండగ వ్యవహారం అని నా అభిప్రాయం. ఒక్క కొలతతో చూస్తాను నేను దీన్ని: ఆ కాలేజీలో చదివే పిల్ల తన గది నుంచి నడిచి ఆటకి వెళ్ళగలదా లేదా.

ఏరోహెడ్‌లో గడిపిన సీజన్

ఇది ఊహించి చెబుతున్నది కాదు, ఒకసారి జరిగింది. 2023 సీజన్ అయిపోగానే లారెన్స్‌లోని మెమోరియల్ స్టేడియాన్ని చాలావరకు పడగొట్టి కొత్తగా కట్టడం మొదలుపెట్టారు. 1921 నాటి స్టేడియం అది. బాత్‌రూమ్‌ల దగ్గర క్యూలు చూసినవాళ్ళెవరూ ఆ పని వద్దనరు. దాంతో 2024లో హోమ్ గేమ్‌లన్నీ కాన్సస్ సిటీకి వెళ్ళాయి. మొదటి రెండు చిల్డ్రన్స్ మెర్సీ పార్క్ అనే సాకర్ స్టేడియంలో, తర్వాత బిగ్ 12 (కేయూ ఉన్న యూనివర్సిటీల లీగ్) ఆటలు నాలుగూ చీఫ్స్ వాళ్ళ ఏరోహెడ్‌లో. అక్కడ 76 వేల పైచిలుకు సీట్లు. అవి నింపడం మా వల్ల కాలేదు.

అలాగని ఫలితాలు చూపించి వాదిద్దామంటే కుదరదు. ఏరోహెడ్‌లో నాలుగింట మూడు గెలిచారు మనవాళ్ళు. టీసీయూ (టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ) చేతిలో ఓడారు గానీ హ్యూస్టన్‌ని 42-14తో, అయోవా స్టేట్‌ని 45-36తో, కొలరాడోని 37-21తో కొట్టారు. చివరి రెండూ దేశంలో టాప్ 25 ర్యాంకుల్లో ఉన్న జట్లు. కొలరాడో అంటే డియాన్ శాండర్స్ కోచ్‌గా, ట్రావిస్ హంటర్ ఆటగాడిగా ఆ ఏడాది దేశమంతా టీవీ ముందు కూర్చుని చూసిన జట్టు. పరాయి మైదానంలో మన పిల్లలు తేలిపోయారని ఎవరూ అనలేరు.

ఆ కొలరాడో ఆటకి మేమూ వెళ్ళాం. నవంబర్ 23. సీనియర్ డే కూడా అదే. ఆఖరి సంవత్సరం ఆటగాళ్ళని వాళ్ళ అమ్మానాన్నలతో సహా మైదానంలోకి పిలిచి గౌరవించే రోజు. డెవిన్ నీల్ వచ్చాడు. ఈ కుర్రాడి గురించి రెండు ముక్కలు చెప్పాలి. లారెన్స్ హైస్కూల్లో చదివి, అదే ఊళ్ళో యూనివర్సిటీకి ఆడి, కేయూ చరిత్రలో బంతి పట్టుకుని అందరికంటే ఎక్కువ గజాలు పరిగెత్తినవాడిగా నిలిచాడు. ఆ రోజు 207 గజాలు పరిగెత్తి, మొత్తం నాలుగు టచ్‌డౌన్లు చేశాడు. ఊరి పిల్లాడు ఊరి జట్టుకి ఆడిన ఆఖరి హోమ్ గేమ్ అది. జరిగింది మాత్రం పక్క రాష్ట్రంలో, ఎర్ర సీట్ల మధ్య, చీఫ్స్ వాళ్ళు అద్దెకిచ్చిన ఇంట్లో.

పండగ లాంటి ఆట అది, కాదనను. మావారు గొంతు పోయేలా అరిచారు. ఆట అయ్యాక ఏమైందో చూడండి. ఏరోహెడ్ ఉన్నది ఊరి నడిబొడ్డున అనుకునేరు. రెండు ఇంటర్‌స్టేట్‌లు కలిసే చోట, సముద్రమంత పార్కింగ్ లాట్ మధ్యలో ఉంటుంది. పక్కన బేస్‌బాల్ స్టేడియం తప్ప నడిచి వెళ్ళి కూర్చోవడానికి చెప్పుకోదగ్గ చోటు లేదు. మేం కారులో కూర్చుని ముందున్న బ్రేక్ లైట్లు చూస్తున్నాం. వెనక సీట్లో అమ్మాయి, దాని ఇద్దరు ఫ్రెండ్స్. కాసేపటికి వాళ్ళలో ఒక అమ్మాయి అడిగింది: "గెలిచాం కదా, ఇప్పుడు ఎక్కడికెళ్ళాలి?" ఎవరి దగ్గరా జవాబు లేదు. మా ఇంటికి తీసుకొచ్చి పులిహోర పెట్టాను. బాగానే తిన్నారు. కానీ కొలరాడోని ఓడించిన రాత్రి ఇరవై ఏళ్ళ పిల్లలు గడపాల్సిన తీరు అది కాదని నాకూ తెలుసు, వాళ్ళకీ తెలుసు.

తడిసిన సాక్స్

అంతకుముందు సీజన్‌లో, 2023 అక్టోబర్ 28న, ఓక్లహోమా లారెన్స్‌కి వచ్చింది. ఆరో ర్యాంకు, అప్పటికి ఒక్క ఓటమీ లేదు. 1997 తర్వాత వాళ్ళని కేయూ ఓడించిందే లేదు. ఆట మధ్యలో మెరుపులు మొదలై దాదాపు గంటసేపు ఆపేశారు. చలి, సన్నటి వాన. నేను ఇంట్లో టీవీ ముందున్నాను. అమ్మాయికి ఫోన్ చేస్తే గదిలో ఉంది. "సాక్స్ తడిసిపోయాయమ్మా, మార్చుకోవడానికి వచ్చా. మళ్ళీ పోతున్నా" అంది. వెనక హెయిర్ డ్రయర్ చప్పుడు. రూమ్మేట్ బూట్లు ఆరబెడుతోందట.

తిరిగి వెళ్ళింది. ఆట ఇంకో నిమిషం లోపే మిగిలి ఉండగా ఇదే డెవిన్ నీల్ గెలుపు టచ్‌డౌన్ కొట్టాడు. 38-33. పిల్లలంతా మైదానంలోకి దూకారు, గోల్‌పోస్ట్‌లు పీకారు, భుజాల మీద మోసుకుంటూ కొండెక్కి, అవతల పాటర్ లేక్‌లో పడేశారు. కేయూ వాళ్ళకి అదొక ఆచారం. తల్లిగా దీన్ని సమర్థించకూడదేమో. ఉక్కు స్తంభం కింద ఎవరి కాలైనా పడితే? నాకూ భయమే. అర్ధరాత్రి అమ్మాయి ఆ చెరువు గట్టు ఫోటో పంపించింది. ముఖం నిండా బురద.

ఈ రెండు రాత్రుల మధ్య తేడా గెలుపులో లేదు, రెంటిలోనూ గెలిచారు. ఒక చోట ఆట పిల్లల రోజులో కలిసిపోయింది. నిద్ర లేచి, నడిచి వెళ్ళి, తడిసి, గదికి వచ్చి, మళ్ళీ వెళ్ళి, కొండెక్కి, చెరువు దాకా పోయి, అక్కడి నుంచి ఊరి నడిబొడ్డున ఉన్న మాసచూసెట్స్ స్ట్రీట్ హోటళ్ళలోకి చేరి, తెల్లారేదాకా తిరిగారు. రెండో చోట ఆట ఒక ట్రిప్పు. ఎవరి కారు, ఎవరు డ్రైవ్ చేస్తారు, గ్యాస్ డబ్బులు ఎవరు పెడతారు, ఎన్నింటికి బయల్దేరాలి అని టెన్షన్. అమ్మాయి ఆ సీజన్‌లో ఏరోహెడ్‌కి ప్రతి ఆటకీ వెళ్ళలేదు, పరీక్షలున్న వారం మానేసింది. లారెన్స్‌లో పరీక్షలున్నా మానేదికాదు, సగం ఆట చూసి లైబ్రరీకి వెళ్ళిపోయేది. సగం ఆట చూడగలగడమే నాకు తెలిసి హోమ్ గేమ్ అంటే.

ఇంకో కుర్రాడి సంగతి. గుంటూరు నుంచి ఎంఎస్‌కి వచ్చాడు. మా చుట్టాలకి తెలిసినవాళ్ళబ్బాయి, పండక్కి భోజనానికి పిలిస్తే వస్తుంటాడు. వచ్చిన మొదటి సెమిస్టర్‌లో కారు లేదు, స్నేహితులూ లేరు. ఒక శనివారం క్యాంపస్ వైపు నడుస్తుంటే స్టేడియం నుంచి హోరు వినిపించి, ఏంటో చూద్దామని వెళ్ళాడట. పక్కన కూర్చున్న ముసలాయన నాలుగు డౌన్‌లు అంటే ఏమిటో, పది గజాలు ఎందుకో వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పాడట. "ఆంటీ, ఈ దేశానికి వచ్చాక తెలియనివాళ్ళు నాతో అంతసేపు మాట్లాడింది అదే ఫస్ట్" అన్నాడు. 2024లో ఏరోహెడ్‌కి ఎన్నిసార్లు వెళ్ళావని అడిగితే నవ్వాడు. నలభై అయిదు మైళ్ళు ఎవరితో పోతాడు? కారు ఉన్న స్నేహితుడికి ఆ రోజు ఖాళీ ఉండాలి, ఆ కార్లో సీటు మిగలాలి. హోరు విని దారి మళ్ళడం అనేది ఏరోహెడ్‌లో జరిగే పని కాదు. హైవే మీద నుంచి ఏ హోరూ వినపడదు.

మనవాళ్ళు ఈ చర్చలో ఎప్పుడూ ఓవర్‌ల్యాండ్ పార్క్ గరాజ్‌లోంచి బయల్దేరే మనిషినే ఊహించుకుంటారు. అందుకే దూరం మాట వచ్చినప్పుడల్లా మన ఇంటి నుంచే కొలుస్తారు.

లిటిల్ రాక్ వాళ్ళు అడిగితే ఏం చెప్పాలి

నా వాదనకి గట్టి దెబ్బ కొట్టే ఊరు ఒకటుంది. అర్కాన్సా యూనివర్సిటీ ఫాయట్‌విల్‌లో, అంటే ఆ రాష్ట్రపు వాయవ్య మూలన ఉంది. రాజధాని లిటిల్ రాక్ మధ్యలో, దాదాపు 190 మైళ్ళ దూరంలో. 1948లో అక్కడ వార్ మెమోరియల్ స్టేడియం కట్టినప్పటి నుంచి ఆ యూనివర్సిటీ జట్టు రేజర్‌బ్యాక్స్ దశాబ్దాల పాటు ఏటా కొన్ని హోమ్ గేమ్‌లు లిటిల్ రాక్‌లో ఆడుతూ వచ్చారు. అప్పట్లో కొండల మధ్య ఫాయట్‌విల్‌కి సరైన రోడ్డు కూడా లేదు. 2000 ప్రాంతంలో అథ్లెటిక్ డైరెక్టర్ ఫ్రాంక్ బ్రాయిల్స్ ఫాయట్‌విల్ స్టేడియాన్ని 72 వేల సీట్లకి పెంచి, ఆటలు అక్కడికి లాగుతానంటే రాష్ట్రం రెండుగా చీలినంత గొడవైంది.

తూర్పు, దక్షిణ జిల్లాల వాళ్ళ ప్రశ్న సూటిగా ఉంది. యూనివర్సిటీ నడిచేది రాష్ట్రం మొత్తం కట్టే పన్నుల మీద. మా పిల్లలు అంత దూరం పోయి చదవలేరు, మేం అయిదు గంటలు డ్రైవ్ చేసి ఆట చూడలేం, మా వంతు ఏది? దీనికి నా దగ్గర ఉన్న జవాబు బలహీనమైనది. నడక దూరం అనే కొలత క్యాంపస్‌లో సీటు దొరికినవాళ్ళకే పనికొస్తుంది, ఆ క్యాంపస్ గడప తొక్కని కుటుంబాలకి దాంతో పనిలేదు. 2002లో ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) మీద ఆఖరి సెకన్లలో మ్యాట్ జోన్స్ విసిరిన టచ్‌డౌన్ పాస్‌తో 21-20 గెలిచిన ఆట లిటిల్ రాక్‌లోనే జరిగింది. మార్కమ్ వీధి పక్కనున్న స్టేడియం కాబట్టి దాన్ని మార్కమ్ అద్భుతం అని ఇప్పటికీ చెప్పుకుంటారు. అది పరాయి ఊరి ఆట అని ఆ ఊరివాళ్ళ ముందు అనే ధైర్యం నాకు లేదు.

కాబట్టి లిటిల్ రాక్‌కి ఏడాదికో రెండేళ్ళకో ఒక ఆట ఇస్తే ఇవ్వనీ. రాష్ట్రం ఆకారమే అలాంటిది. మన విషయంలో ఆ సాకు చెల్లదు. లారెన్స్‌కీ కాన్సస్ సిటీకీ మధ్య ఉన్నది గంటలోపు దారి. మనం అయిదు గంటలు డ్రైవ్ చేయలేని పల్లె జనం కాదు, సాంబారు గిన్నె మూత పెట్టి బయల్దేరితే టెయిల్‌గేటింగ్ (ఆటకి ముందు కార్ల దగ్గర చేసుకునే విందు) మొదలయ్యే వేళకి అక్కడుంటాం. నిజంగా దూరమని అడిగే హక్కున్నవాళ్ళు పశ్చిమ కాన్సస్ వాళ్ళు. డాడ్జ్ సిటీ నుంచి, గార్డెన్ సిటీ నుంచి వచ్చేవాళ్ళకి లారెన్సే ఎంతో దూరం. ఆటని ఇంకా తూర్పుకి జరిపితే వాళ్ళు ఇంకా వెనకబడతారు.

అందరిదీ అయిన చోటు ఎవరిదీ కాదు

2007 గురించి ఎవరో ఒకరు ఎత్తుతారు, నేనే ఎత్తేస్తాను. ఆ నవంబర్ 24న కేయూ, మిజూరీ యూనివర్సిటీ ఏరోహెడ్‌లో తలపడ్డాయి. కేయూ అప్పటికి 11-0, రెండో ర్యాంకు. మిజూరీ కూడా పై వరసలోనే ఉంది. 80,537 మంది వచ్చారు. నూటయాభై ఏళ్ళ కిందటి సరిహద్దు కొట్లాటల నుంచి, 1863లో మిజూరీ వైపు నుంచి వచ్చిన క్వాంట్రిల్ గెరిల్లా మూక లారెన్స్‌ని తగలబెట్టినప్పటి నుంచి మోసుకొస్తున్న పగ ఇది. మిజూరీ 36-28తో గెలిచింది. కేయూ ఫుట్‌బాల్ చరిత్రలోకెల్లా పెద్ద ఆట, లెక్క ప్రకారం కేయూ హోమ్ గేమ్, లారెన్స్‌లో జరగలేదు.

లారెన్స్‌లో అయితే గెలిచేవాళ్ళమా? చెప్పలేం. మరుసటి ఏడాది అదే ఏరోహెడ్‌లో, మంచు కురుస్తుండగా, మిజూరీ హోమ్ గేమ్‌లో కేయూ 40-37తో గెలిచింది. కాబట్టి ఓటమిని స్టేడియం నెత్తిన రుద్దను. ఎనభై వేల మంది లారెన్స్‌లో పట్టరనేదీ నిజమే. ఆ రోజు అక్కడున్నవాళ్ళు జన్మలో మర్చిపోరనేదీ నిజమే. ఆ ఆట విషయంలో నాకు ఇప్పటికీ రెండు మనసులే. సగం మన నీలం, సగం వాళ్ళ బంగారు రంగు అని చెప్పుకునే ఆ తటస్థ చోటు వల్ల మాత్రం ఆ పోటీలో ఒక రుచి పోయింది. ఒకసారి వాళ్ళ ఊరు పోయి తిట్లు తిని, మరుసటి ఏడాది వాళ్ళని మన ఊరు రప్పించి బదులు తీర్చుకోవడంలో ఉన్న మజా అది. పోయిన సెప్టెంబర్‌లో ఆ పోటీ మళ్ళీ మొదలైంది. ఈసారి కొలంబియాలో, మిజూరీ సొంత క్యాంపస్‌లో. మనం 42-31తో ఓడాం. ఈ ఏడు వాళ్ళు లారెన్స్‌కి రావాలి. ఏరోహెడ్ ఊసు లేదు, హమ్మయ్య.

అలబామా వాళ్ళకి ఈ సంగతి మనకంటే ముందే తెలుసు. ఆబర్న్, అలబామా యూనివర్సిటీలు ఏటా ఆడే ఐరన్ బౌల్ 1948 నుంచి 1988 దాకా బర్మింగ్‌హామ్‌లోని లీజియన్ ఫీల్డ్‌లోనే జరిగింది. కాగితం మీద అది రెండు జట్లకీ సమానం, టికెట్లూ చెరిసగం అన్నారు చాలాకాలం. కానీ అలబామా తన మిగతా పెద్ద హోమ్ గేమ్‌లు కూడా అక్కడే ఆడేది. అంటే అలబామాకి రెండో ఇల్లు, ఆబర్న్‌కి ఏటా అత్తారింటి ప్రయాణం. కోచ్ పాట్ డై పట్టుబట్టి 1989 డిసెంబర్ 2న అలబామాని మొదటిసారి ఆబర్న్ ఊరికి రప్పించాడు. అలబామా అప్పటిదాకా ఓటమి లేని జట్టు. ఆబర్న్ 30-20తో గెలిచింది. ఆ జట్టు స్టేడియం వైపు నడుస్తుంటే రోడ్డుకి రెండు వైపులా నిలబడ్డ పెద్ద మనుషులు ఏడ్చారని అక్కడివాళ్ళు చెబుతారు. అలబామా కూడా చివరికి, 2003 తర్వాత, లీజియన్ ఫీల్డ్ వదిలేసి తన క్యాంపస్ ఉన్న టస్కలూసాలోనే ఆడుకుంటోంది.

క్రికెట్ చూసేవాళ్ళకి దగ్గరి ఉదాహరణ కావాలంటే 2024 మార్చి 31న విశాఖలో ఢిల్లీ క్యాపిటల్స్ ఆట గుర్తు చేసుకోండి. ఢిల్లీకి హోమ్ గేమ్, చెన్నైతో. స్టేడియం నిండా పసుపు. ధోనీ 16 బంతుల్లో 37 కొడుతుంటే ఆతిథ్య జట్టు బౌలర్లకి దిక్కులేదు. ఢిల్లీ 20 పరుగులతో గెలిచింది, అయినా మావాళ్ళెవరికీ ఆ గెలుపు గుర్తు లేదు, ధోనీ సిక్సర్లే గుర్తున్నాయి. ఐపీఎల్ ఫ్రాంచైజీ వ్యాపారం, అది ఏ ఊళ్ళోనైనా దుకాణం తెరవొచ్చు. ఏరోహెడ్‌లో అయోవా స్టేట్ ఆట రోజు మా సెక్షన్‌లో మా చుట్టూ ఎవరున్నారో చూసినప్పుడు నాకు ఈ విశాఖ ఆటే తలపుకొచ్చింది. మా ముందు రెండు వరసలూ అయోవా వాళ్ళే. మర్యాదస్తులు, పాప్‌కార్న్ కూడా పంచారు.

డబ్బు లెక్కలు

అన్నయ్యగారి అసలు వాదన చలి గురించి కాదు, డబ్బు గురించి. "రాష్ట్రం అంత ఖర్చు పెడుతున్న స్టేడియం ఏడాదికి పది ఆటలకేనా? రాష్ట్ర యూనివర్సిటీ వాడుకోకపోతే ఎలా?" అన్నారు. వినడానికి బాగుంది. 65 వేల సీట్లు అంటున్నారు కొత్తదానికి. లారెన్స్‌లో కట్టిన కొత్త మెమోరియల్ స్టేడియం 41 వేల చిల్లర. పాతదానిలో 47 వేలు ఉండేవి. కేయూ వాళ్ళు కావాలనే సీట్లు తగ్గించి కట్టారు. పదేళ్ళు నింపలేకపోయిన వాళ్ళకి తమ కొలత తెలుసు. నిండిన 41 వేలు టీవీలోనూ చెవిలోనూ 65 వేలలో కూర్చున్న 41 వేల కంటే గట్టిగా ఉంటాయి.

పైగా ఆ స్టేడియానికి డేవిడ్ బూత్ అనే పూర్వ విద్యార్థి 2017లో 50 మిలియన్ డాలర్లు, పోయిన ఆగస్టులో ఇంకో 300 మిలియన్ డాలర్లు ఇస్తానన్నాడు. లారెన్స్‌లోనే పెరిగాడు ఆయన. అంత డబ్బు పోసి క్యాంపస్‌లో స్టేడియం కట్టుకుని, పెద్ద ఆట రాగానే వేరే ఊరికి అద్దెకి పోవడం ఏం లెక్క?

ఇక ఊరి లెక్క. లక్షకి కాస్త తక్కువ జనాభా ఉన్న ఊరికి ఏడాదికి ఆరేడు శనివారాలు అంటే చిన్న విషయం కాదు. స్టేడియం చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు అట్టముక్క మీద "పార్కింగ్" అని రాసి, వాకిట్లో గడ్డి మీద కార్లు నిలబెట్టించి డబ్బు తీసుకుంటారు. మేం ఎప్పుడూ ఒక పెద్దావిడ ఇంటి ముందు పెడతాం. 2024లో ఒక్క కారూ రాలేదని, ఆ డబ్బుతోనే ఏటా గట్టర్లు బాగుచేయించుకుంటానని 2025 సీజన్ మొదట్లో చెప్పింది. ఆగస్టు 23న ఫ్రెస్నో స్టేట్‌తో కొత్త స్టేడియం తెరిచిన రోజు ఆవిడ రేటు అయిదు డాలర్లు పెంచింది. మావారు బేరమాడబోతే నేను కాలు తొక్కాను.

కాన్సస్ సిటీకి ఆ ఆరు శనివారాలు ఉన్నా లేకపోయినా ఒకటే. చీఫ్స్ ఉన్నారు, బేస్‌బాల్‌కి రాయల్స్ ఉన్నారు, ఈ వేసవిలో ప్రపంచకప్ సాకర్ వస్తోంది. పెద్ద ఊరికి ఇది క్యాలెండర్‌లో ఇంకో ఈవెంట్, అంతే. మసాచూసెట్స్ రాష్ట్రంలో యూమాస్ (ఆ రాష్ట్ర యూనివర్సిటీ) వాళ్ళు 2012లో పెద్ద డివిజన్‌కి ఎక్కగానే ఆటల్ని ఆమ్‌హర్స్ట్ నుంచి ఫాక్స్‌బరోలోని పేట్రియట్స్ అనే ప్రొఫెషనల్ జట్టు స్టేడియానికి తీసుకెళ్ళారు. బాస్టన్ చుట్టుపక్కల పూర్వ విద్యార్థులు బోలెడుమంది, వాళ్ళంతా వస్తారనుకున్నారు. క్యాంపస్ పిల్లలకి దాదాపు తొంభై అయిదు మైళ్ళు. పిల్లలూ రాలేదు, బాస్టన్ వాళ్ళూ రాలేదు. కొన్నేళ్ళకి తిరిగి క్యాంపస్ స్టేడియానికే వచ్చారు.

పిల్లలదే కాదు కదా

ఇక్కడ మావారు అడ్డు తగిలారు (ఇది చదివి వినిపిస్తున్నాను). "డబ్బిచ్చేది పూర్వ విద్యార్థులు, సీజన్ టికెట్లు కొనేది పెద్దవాళ్ళు, టీవీ చూసేది దేశం. స్టూడెంట్లు ఒక మూల సెక్షన్. వాళ్ళ కోసం అందర్నీ లారెన్స్‌కి రమ్మనడం ఏం న్యాయం?" అని. ఆటగాళ్ళకే జీతాల్లాంటివి ఇస్తున్న రోజులివి, ఇంకా కాలేజీ కాలేజీ అంటావేంటి అని కూడా.

ఆ మాటలో నిజముంది. అయితే ఆ పూర్వ విద్యార్థులు ఎందుకు డబ్బిస్తున్నారో అడగాలి. ఇరవై ఏళ్ళప్పుడు ఆ కొండ మీద కూర్చుని ఆట చూశారు కాబట్టి. స్టేడియానికి దక్షిణం వైపు గడ్డి కొండ, దాని మీద క్యాంపనీలే అనే గంటల గోపురం ఉంటాయి. గ్రాడ్యుయేషన్ రోజు ఆ గోపురం కిందుగా దాటి, కొండ దిగి నడిచి రావడం ఇక్కడి ఆనవాయితీ. అంతకుముందు దాని కిందుగా నడిస్తే చదువు వేళకి పూర్తికాదని ఒక నమ్మకం. మా అమ్మాయి నాలుగేళ్ళుగా చుట్టూ తిరిగి పోతోంది, ఈ మే నెలలో దాటాలి. మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయిన విద్యార్థుల పేరిట కట్టిన స్టేడియం అది. 1921లో పాత మెక్‌కుక్ ఫీల్డ్ చెక్క మెట్లని పిల్లలూ పంతుళ్ళూ కలిసే పీకి పక్కన పడేశారు, కొత్తది కట్టడానికి. ఈ గొలుసులో ఇప్పటి పిల్లల్ని తప్పిస్తే ముప్పై ఏళ్ళ తర్వాత చెక్కు రాసేవాళ్ళెవరు? ఏరోహెడ్ పార్కింగ్ లాట్‌లో బ్రేక్ లైట్లు చూసిన జ్ఞాపకానికి ఎవరూ విరాళాలివ్వరు.

ఒక సీజన్‌కి, ఇల్లు కట్టుకునేటప్పుడు వేరే చోట తలదాచుకోవడం వేరు. దానికి నేను ఎప్పుడూ వద్దనలేదు, తిరిగొచ్చే తేదీ ముందే తెలుసు. ఈ సెప్టెంబర్‌లో అరిజోనా స్టేట్‌తో లండన్ వెంబ్లీలో ఆడబోతున్నారు. అది ఒక్కసారి సరదా, పిల్లలెవరూ నడిచి పోగలమని అనుకోవడం లేదు కాబట్టి మోసం కూడా లేదు. నా భయమల్లా ఏటా ఒకటి, తర్వాత రెండు, తర్వాత మంచివన్నీ అక్కడికి జారిపోయి, లారెన్స్‌కి ఎవరూ చూడని ఓపెనింగ్ గేమ్‌లు మిగలడం. 2007లో జారింది చరిత్రలోకెల్లా పెద్ద ఆటే కదా.

కొత్త స్టేడియం వాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు కేయూ తలుపు తట్టడం ఖాయం. తట్టినప్పుడు యూనివర్సిటీ వాళ్ళు అద్దె ఎంత, పార్కింగ్ డబ్బులో వాటా ఎంత అని అడుగుతారు. ముందు వేరేవి అడగాలి. టికెట్ కొన్న ప్రతి విద్యార్థికీ లారెన్స్ నుంచి ఉచిత బస్సు ఉందా, ఆట అయ్యాక అర్ధరాత్రి దాకా తిరుగు బస్సులు ఉన్నాయా, పిల్లల సెక్షన్ మైదానం పక్కనా లేక పైఅంతస్తులోనా, ఆ ఒక్క ఆటకి బదులు లారెన్స్‌కి అంత పెద్ద ఆట ఇంకోటి ఏ ఏడాది వస్తుందో కాగితం మీద ఉందా. ఇవన్నీ రాసిచ్చే స్టేడియం యజమాని ఎవరైనా ఉంటే అప్పుడు మళ్ళీ మాట్లాడుకుందాం.